గోధుమ పాచి పోవట్లేదు మాస్టారూ

ఈ నెల ఉప్పునీటి చేపల ట్యాంకుల మీద నాలుగు ఉత్తరాలొచ్చాయి, మూడింట్లో పాచి గొడవే. మొదటి ఉత్తరానికే సగం పైన జాగా పోయేలా ఉంది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, అందులో మీకు పనికొచ్చేవీ ఉన్నాయి.

ప్రశ్న (బరంపురం, గేట్ బజార్ నుంచి): మాస్టారూ నమస్తే. రెండు నెలల కిందట రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టాను. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య ఉన్నాయి. మూడో వారం నుంచి ఇసుక మీద, రాళ్ల మీద, అద్దం మీద గోధుమరంగు పొడిలాంటిది పేరుకుంటోంది. రోజూ పొద్దున్నే తుడుస్తాను, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఇసుక గోపాల్‌పూర్ బీచ్‌లో తెచ్చి కడిగి వేశాను, ఉప్పు షాపులో కొన్నదే, నీళ్లు మా ఇంటి బోరువి. షాపతను పాచి చచ్చే మందని ఒక సీసా ఇచ్చి "కిఛి హెబొ నాహిఁ", ఏమీ కాదు వేసెయ్ అన్నాడు, ఇంకా వెయ్యలేదు. మా నాన్నగారేమో ఇది మనవల్ల అయ్యే పని కాదురా, గోల్డ్ ఫిష్ పెట్టుకో అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, నాన్నగారి మాట రాశావు కాబట్టి చిన్నవాడివే అనుకుని నువ్వు అంటున్నా. ముందు ఆ సీసా మూత తియ్యకు, తీసుకెళ్లి షాపతనికే ఇచ్చెయ్, తీసుకోనంటే అటక మీద పడెయ్. అలాంటి మందుల్లో కొన్నిట్లో రాగి ఉంటుంది, రాగి పడితే రొయ్య బతకదు, పైగా అది రాళ్లల్లోకి ఇంకిపోయి తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికొస్తూనే ఉంటుంది, అప్పుడు నువ్వు నత్తలు తెచ్చి వేసినా నిలవవు. పోనీ రాగి లేని మందే అనుకో, ఇంత పాచి ఒక్కసారిగా చస్తే అదంతా కుళ్లి నీళ్లల్లో ఆక్సిజన్ లాగేస్తుంది. పెద్ద ట్యాంకైతే తట్టుకుంటుందేమో గానీ చిన్న ట్యాంకు తట్టుకోలేదు.

ఇక ఆ పొడి ఏమిటంటే, దాని పేరు డయాటమ్. మామూలు నాచులాగా పోగులు పోగులుగా పెరిగేది కాదు, ఒక్కొక్కటీ ఒక్క కణమే, కంటికి కనపడదు, లక్షలు లక్షలు చేరితే మనకి పొడిలాగా కనిపిస్తుంది. దాని ఒంటి చుట్టూ గాజు పెట్టె ఉంటుంది, నిజంగానే గాజు, సిలికాతో కట్టుకుంటుంది. మన అమ్మల కుంకుమ భరిణె చూశావు కదా, కింద గిన్నె, పైన దాని మీద కూర్చునే మూత, సరిగ్గా అలాగే రెండు ముక్కలు. ఒకటి రెండయ్యేటప్పుడు ఒక్కోటి ఒక్కో ముక్క పట్టుకుపోయి రెండో ముక్క కొత్తగా చేసుకుంటుంది. ఆ కొత్త ముక్కకి సిలికా కావాలి. నీళ్లల్లో సిలికా ఉన్నన్నాళ్లూ భరిణెలు తయారవుతూనే ఉంటాయి, సిలికా అయిపోతే ఎంత వెలుగున్నా ఎంత తిండి ఉన్నా అక్కడితో ఆగిపోతాయి. అందుకే నువ్వు అద్దం తుడవడం మీద పెట్టిన శ్రద్ధ, నీళ్లు ఎక్కణ్ణుంచి పోస్తున్నావు అన్నదాని మీద పెట్టి ఉంటే ఈపాటికి సగం తగ్గేది.

బోరు నీళ్లు రాళ్ల సందుల్లోంచి ఊరి వస్తాయి కాబట్టి దార్లో సిలికాని కరిగించుకుని తెచ్చుకుంటాయి. తాగడానికి దానివల్ల ఇబ్బందేమీ లేదు, ట్యాంకుకే ఇబ్బంది. ఒక లెక్క వేసి చూద్దాం. రెండడుగులు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 లీటర్లు, రాళ్లూ ఇసుకా పైన వదిలిన ఖాళీ తీసేస్తే నికరంగా ఓ 45 లీటర్లు. మన ఎండలకి ఫ్యాను కింద రోజుకి ఒక లీటరు ఆవిరైపోతుంది, నువ్వు ఆ లీటరు బోరు నీళ్లతో నింపుతావు. నీ బోరు నీళ్లల్లో లీటరుకి 30 మిల్లీగ్రాముల సిలికా ఉందనుకుందాం, ఆవిరైనప్పుడు నీళ్లే పోతాయి గానీ సిలికా పోదు కదా, అంటే రోజుకి 30 చొప్పున నెలకి 900 మిల్లీగ్రాములు నువ్వే చేతులారా లోపల పోసినట్టు. 45తో భాగిస్తే లీటరుకి 20 మిల్లీగ్రాములు. నదీముఖాలకి దూరంగా నడి సముద్రంలో పైనీళ్లల్లో చాలాచోట్ల అది లీటరుకి ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఇది మొదట నింపిన నీళ్లు కాక, నీళ్లు మార్చినప్పుడు పోసినవి కాక, కేవలం ఆవిరికి బదులు పోసిన లెక్క. ఇంక నువ్వు పొద్దున తుడిస్తే సాయంత్రానికి రాక ఏమవుతుంది.

మరి ఆర్ఓ నీళ్లు పోస్తే సరిపోతుందా అని అడుగుతావు. సగం సరిపోతుంది. ఇంట్లో తాగే నీళ్లకి పెట్టుకున్న ఆర్ఓ మిషన్లల్లో చాలావాటికి లోపల ఒక టీడీఎస్ (నీళ్లల్లో కరిగిన లవణాల మోతాదు) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం ఆర్ఓ కాని నీళ్లు కొంచెం మళ్లీ కలుపుతుంది, దాని తర్వాత మినరల్ కాట్రిడ్జ్ ఒకటి. ట్యాంకుకి ఇవి రెండూ వద్దు. మెకానిక్ సర్వీసుకి వచ్చినప్పుడు కంట్రోలర్‌కి ముందే ఒక టీ జాయింటు పెట్టి చిన్న ట్యాపు విడిగా తీయించుకో, దాని చివర డీఐ రెజిన్ కాట్రిడ్జ్, అంటే ఆర్ఓ దాటి వచ్చిన లవణాల్ని కూడా పట్టేసే గింజల డబ్బా, ఒకటి తగిలించు, ఆ నీళ్లు ట్యాంకుకి, మామూలు ట్యాపు ఇంటికి, అమ్మ కూడా ఏమీ అనదు. ఇక్కడే ఒక మెలిక ఉంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టీడీఎస్ మీటరు పెట్టి సున్నా చూపించింది కదా అని నమ్ముతారు. ఆ మీటరు నీళ్లల్లో కరెంటు ఎంత పారుతుందో చూసి లెక్క చెబుతుంది, కరిగిన సిలికాకి కరెంటు ఛార్జీ దాదాపు ఉండదు కాబట్టి అది మీటరు కంటికి ఆనదు. రెజిన్ పాతబడేకొద్దీ ముందు జారిపోయేది కూడా ఈ సిలికానే. మీటరు సున్నానే చూపిస్తుంటుంది, ట్యాంకులో మాత్రం మళ్లీ గోధుమ పొడి. కాబట్టి రంగు మారే రకం రెజిన్ తీసుకుని రంగు మూడొంతులు మారగానే మార్చెయ్, పూర్తిగా అయిపోయేదాకా పిసినారితనం వద్దు.

ఏసీ పైపులోంచి పడే నీళ్లు స్వచ్ఛమే కదా అని కొందరు పడతారు, అది వద్దు, ఏసీ లోపల ఉండేది రాగి గొట్టాలు.

ఇప్పుడు ఇసుక సంగతి. ఎవరినడిగినా బీచ్ ఇసుక సిలికాయే కదా, దానివల్లే పాచి అంటారు. నేనొప్పుకోను. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్, అంటే రాయిలా గట్టిపడ్డ సిలికా, అది నీళ్లల్లో కరిగేది అతి స్వల్పం, కరిగే పనైతే గోపాల్‌పూర్ బీచ్ ఎప్పుడో కరిగిపోయేది. బోరు నీళ్లల్లో ఉన్నది అప్పటికే కరిగి ఉన్న సిలికా, ఇదీ అదీ ఒకటి కాదు. అయినా సరే ఆ ఇసుక తీసెయ్యమనే చెప్తాను, కారణం వేరు. మన తీరం ఇసుకలో నల్లటి, ఎర్రటి గింజలు చూసే ఉంటావు, ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలన్నీ కలిసి ఉంటాయి, ఛత్రపురం దగ్గర ఐఆర్ఇఎల్ వాళ్లు ఈ ఇసుకలోంచే వాటిని వేరుచేస్తారు, మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది. నా మొదటి ట్యాంకుకి నేనూ నీలాగే గోపాల్‌పూర్ నుంచి రెండు బస్తాలు స్కూటర్ మీద తెచ్చుకున్నా. ఒకరోజు లోపల ఒక ముక్క బయట ఒక ముక్క ఉండే అయస్కాంతం బ్రష్షుతో అద్దం తుడుస్తున్నా, కింద ఇసుక దాకా పోయి పైకి లాగాను, కిర్రుమని సన్నగా చప్పుడైంది. బ్రష్షు తీసి చూస్తే ఆ బట్టకి నల్ల గింజలు మీసంలాగా అంటుకుని ఉన్నాయి, అయస్కాంతం వాటిని లాగేసింది. గార్నెట్ గింజ అద్దం కంటే గట్టిది. కింద నుంచి పై దాకా జానెడు గీత, లైటు వేస్తే తళుక్కుమనేది, ఆ గీతలోనే పాచి అన్నిటికంటే ముందు పట్టేది. ఆ ట్యాంకు అమ్మేటప్పుడు కొనేవాడి వేలు సూటిగా ఆ గీత మీదికే పోయింది, అయిదు వందలు కోసేశాడు. కాబట్టి అరగొనైట్ ఇసుక, అంటే గవ్వల పొడి, పగడాల పొడి లాంటిది, షాపుల్లో దొరుకుతుంది, అది వేసుకో. ఒక్కసారే మొత్తం మార్చకు, ఇసుకలో బ్యాక్టీరియా ఉంటుంది, వారానికి మూడో వంతు చొప్పున మార్చు.

తుడవడం పూర్తిగా మానేయమని కాదు నేను చెప్పేది. నువ్వు ఉత్త తుడుపు తుడుస్తున్నావు, దానివల్ల పాచి అద్దం మీంచి లేచి నీళ్లల్లో తేలి మళ్లీ ఇసుక మీద కూర్చుంటోంది, చచ్చినవాటి గాజు పెట్టెలు కూడా కొన్నాళ్లకి మెల్లగా కరిగి సిలికాని మళ్లీ నీళ్లకే ఇస్తాయి. ఇల్లు ఊడ్చి చెత్త తలుపు వెనక పెట్టినట్టు. తుడిచిన దాన్ని బయటికి తియ్యాలి. వారానికి ఒక్కరోజు పెట్టుకో. ఫిల్టర్లో కొత్త దూది పొర వెయ్, అద్దం తుడువు, రాళ్ల మీద పాత టూత్ బ్రష్షుతో రుద్దు, ఒక గంట ఆగు, దూది గోధుమ రంగైపోతుంది, తీసి పారెయ్. తర్వాత ఎయిర్ పంపు సన్న గొట్టం తీసుకుని సైఫన్ పెట్టి ఇసుక మీద వేలెడు ఎత్తున తిప్పుతూ పై పొర మాత్రం లాగు, లాగే ఆ నాలుగైదు లీటర్లే నీ వారపు నీళ్ల మార్పు. కొత్త ఉప్పునీళ్లు ముందు రోజే ఆర్ఓ డీఐ నీళ్లల్లో కలిపి ఉంచు, డెన్సిటీ 1.025 దగ్గర ఉండాలి.

లైటు ఎన్ని గంటలు వేస్తున్నావో రాయలేదు, పన్నెండు గంటలు వేసేవాళ్లే ఎక్కువ, ఏడు గంటలకి దించు, కిటికీ ఎండ తగులుతుంటే పరదా వెయ్. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. పాచికి తిండి అయ్యే ఫాస్ఫేట్‌ని తీసే ఎర్ర తుప్పు గింజలు అమ్ముతారు, ఐరన్ ఆక్సైడ్, అవి సిలికాని కూడా కొంత పట్టుకుంటాయి, అవసరమైతే ఒక చెంచాడు సంచిలో కట్టి పెట్టు, ఎక్కువ పెడితే ఏమవుతుందో కింద పర్లాకిమిడి ఉత్తరంలో చూడు.

ఇంత చేశాక కూడా రేపే పోదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త ట్యాంకు దాదాపు అందరిదీ ఈ దశ దాటుతుంది, మరీ నిర్లక్ష్యం చెయ్యకపోతే తనంతట తనే తగ్గేవీ ఉన్నాయి. అద్దం మీద గోధుమ రంగు పోయి పల్చగా పచ్చదనం వస్తే కంగారు పడకు, అది దార్లో పడ్డ గుర్తు. మీ నాన్నగారికి ఒక మాట చెప్పు, గోల్డ్ ఫిష్ మంచినీళ్ల ట్యాంకులోనూ ఇదే బోరు నీళ్లు పోస్తే ఇదే గోధుమ పాచి పడుతుంది, పైగా పెద్దయ్యాక ఒక్క గోల్డ్ ఫిష్‌కి నీ రెండు క్లౌన్ చేపలకంటే ఎక్కువ చోటు కావాలి.

మూడు రోజులు లైటు ఆపి ట్యాంకుకి దుప్పటి కప్పేస్తే పోతుందని కూడా ఎవరో ఒకరు చెప్తారు నీకు. నా ట్యాంకుకి అది 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను చేసిపెట్టింది. 12వ తారీకు రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఆ తర్వాత మా వీధికి కరెంటు ఎన్ని రోజులకొచ్చిందో లెక్క పెట్టడం మానేశాం. వచ్చాక చూస్తే పాచి నిజంగానే లేదు, చేపలూ లేవు. లైటు ఆపితే సిలికా ఎక్కడికీ పోదు, లైటు వేసిన వారానికి మళ్లీ మొదలు, డయాటమ్‌కి ఆ పద్ధతి దండగ. అప్పట్నుంచి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచుతున్నా, నువ్వూ కొనుక్కో.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి): మా ట్యాంకుకి ఏడాది దాటింది మాస్టారూ. నేను చాలా శుభ్రంగా చూస్తాను, ఆర్ఓ డీఐ నీళ్లే, ఫాస్ఫేట్ తీసే గింజలు ఎప్పుడూ ఫిల్టర్లో ఉంటాయి, టెస్టు చేస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. అయినా రెండు నెలలుగా గోధుమరంగు జిగురు తీగలు తీగలుగా వేలాడుతోంది, చివర్న గాలి బుడగలు. రాత్రి చాలావరకు కనపడదు, మధ్యాహ్నానికి మళ్లీ నిండిపోతుంది. మూడు నత్తలు చచ్చిపోయాయి.

జవాబు: అమ్మా, మీది డయాటమ్ కాదండీ, డైనోఫ్లాజెల్లేట్‌లా ఉంది, అందరూ డైనో అంటారు. రంగు ఒకటే గానీ గుణం వేరు. డయాటమ్ పొడిలాగా ఉంటుంది, వేలు పెడితే దుమ్ములా లేస్తుంది. డైనో చీమిడిలాగా సాగుతుంది, చెప్పడానికి బాలేదు గానీ ఇంతకంటే సరైన మాట లేదు. ఖాయం చేసుకోవాలంటే కొంచెం జిగురు తీసి చిన్న సీసాలో ట్యాంకు నీళ్లతో వేసి బాగా కుదపండి, కాఫీ ఫిల్టర్ కాగితంలోంచి వడకట్టండి, కిందికి దిగిన నీళ్లని లైటు కింద ఓ గంట ఉంచండి. మళ్లీ తీగలుగా కలుసుకుంటే డైనోయే. దగ్గర్లో కాలేజీలో మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది, డయాటమ్‌లు పడవల్లాగా మెల్లగా జారుతుంటాయి, డైనోల్లో ఒక రకం ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంటుంది.

మీ శుభ్రతే దీన్ని పెంచిందండీ, తిట్టడం కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయిపోతే పోటీగా పెరిగే మామూలు నాచు, మంచి బ్యాక్టీరియా నీరసపడతాయి, ఆ ఖాళీలో ఇది పెరుగుతుంది. కాబట్టి ఆ గింజలు ఇవాళే తీసెయ్యండి, మేత కాస్త పెంచండి, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్యలో నిలబడేదాకా రెండు రోజులకోసారి టెస్టు చేస్తూ ఉండండి. నీళ్లు మార్చడం కొన్నాళ్లు ఆపండి. కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి, నత్తలు పోవడానికి డైనో విషం కారణం కావచ్చు, దాన్ని కార్బన్ పట్టుకుంటుంది. రాత్రిపూట నీళ్లల్లోకి లేచే రకమైతే, నీళ్లు లోపల్నుంచి పారేలా గొట్టంలో బిగించిన యూవీ లైటు బాగా పనిచేస్తుంది. జిగురు తీసేటప్పుడు చేతికి గ్లౌజులు వేసుకోండి, సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చి మొదలుపెట్టే అలవాటుంటే ఈ ట్యాంకుకి మాత్రం అస్సలు వద్దు, కొన్ని రకాల విషం మనుషుల్నీ పట్టుకుంటుంది.

పై ఉత్తరం చదివినవాళ్లు నవ్వుతారేమో, డైనోతో విసిగిపోయిన వాళ్లల్లో కొందరు కావాలని సిలికా కొని ట్యాంకులో పోస్తారు, డయాటమ్ పెరిగి డైనోకి చోటు లేకుండా చేస్తుందని. పనిచేసిన సందర్భాలున్నాయి. మీరు ముందు నైట్రేట్, ఫాస్ఫేట్ సంగతి చూడండి, నెల దాటినా తగ్గకపోతే అప్పుడు రాయండి.

ప్రశ్న (ఛత్రపురం నుంచి): పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడం ఏంటండీ? డబ్బాల్లో సముద్రం నీళ్లే తెచ్చుకుంటే పోదా?

జవాబు: పోతుంది, కానీ ఎప్పుడు తెస్తారు, ఎక్కణ్ణుంచి తెస్తారు అన్నది చూడాలి. వానాకాలం నుంచి దసరా, దీపావళి దాకా ఋషికుల్యా, బాహుదా అన్నీ నిండుగా వచ్చి కలుస్తాయి, ఒడ్డు దగ్గర నీళ్ల ఉప్పదనం బాగా పడిపోతుంది, రిఫ్రాక్టోమీటర్ పెడితే మీకే తెలుస్తుంది. నది తెచ్చే నీళ్లంటే సిలికా కూడా వచ్చినట్టే. ఎండాకాలం మొదట్లో మన తీరంలోనే డయాటమ్‌లు విరగబడి పెరిగి నీళ్లు గోధుమ రంగుకి తిరిగిన సందర్భాలున్నాయి, అస్టీరియోనెల్లా అనే రకం ఋషికుల్యా ముఖం దగ్గర అలా పెరిగినట్టు రికార్డుంది. ఆ నీళ్లు తెచ్చి పోస్తే పాచిని డబ్బాలో పట్టి తెచ్చుకున్నట్టే. తెచ్చేదే అయితే చలికాలంలో, వేటకెళ్లే వాళ్లని బతిమాలుకుని అలలు దాటి లోపల్నుంచి తెప్పించుకోండి, గుడ్డతో వడకట్టి మూత పెట్టిన డ్రమ్ములో చీకట్లో రెండు మూడు వారాలు గాలి పంపు వేసి ఉంచి అప్పుడు వాడండి. ఇదంతా లెక్కేసుకుంటే ఉప్పు కొనడమే చవక అని నాకనిపిస్తుంది, మీ ఇష్టం. నీళ్లతో పాటు రాళ్లూ పగడాలూ మాత్రం ఏరుకురాకండి, 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నాయి, కేసవుతుంది.

ప్రశ్న (రాయగడ నుంచి): 45 లీటర్ల ట్యాంకుకి పాచి తినే నత్తలు ఎన్ని వెయ్యాలి? షాపులో పది తీసుకోమన్నారు.

జవాబు: పది వేస్తే నెల తర్వాత ఏడు ఆకలితో చస్తాయి, అవి కుళ్లి నీళ్లు పాడవుతాయి, మళ్లీ పాచి. సెరిత్ రకం చిన్నవి మూడు చాలు, ఇసుక మీదా అద్దం మీదా రెండు చోట్లా మేస్తాయి. నసేరియస్ ఇస్తే తీసుకోకండి, మంచి నత్తే గానీ అది పాచి ముట్టదు, మిగిలిపోయిన మాంసం తింటుంది. పెద్ద టర్బో నత్త చిన్న ట్యాంకులో రాళ్లు పడగొడుతుంది. అంత దూరం నుంచి సంచిలో వస్తాయి కాబట్టి తెచ్చిన వెంటనే లోపల వెయ్యకండి, గిన్నెలో పెట్టి మీ ట్యాంకు నీళ్లు సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా గంటన్నర పాటు దించండి, ఉప్పదనం ఒక్కసారి మారితే నత్త తట్టుకోలేదు. వేసిన మర్నాడు వెల్లకిలా పడి ఉంటే చచ్చిందనుకుని పారెయ్యకండి, తిప్పి నిలబెట్టి సాయంత్రం దాకా చూడండి. అప్పటికీ కదలకపోతే వాసన చూడండి, చచ్చిన నత్త సంగతి ముక్కే చెప్పేస్తుంది.